దొరువు నీళ్లు, హగరి ఇసుక, భీమిలి ఎర్ర దిబ్బలు

చీరాల నుంచి బాపట్ల దాకా సముద్రం ఒడ్డు ఊళ్లలో తిరిగినవాళ్లకు దొరువు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇసుక నేలలో తవ్విన లోతు తక్కువ గుంట అది. అలల చప్పుడు వినిపించేంత దగ్గర్లో సముద్రం ఉంటుంది. అయినా ఆ గుంటలో ఊరే నీళ్లు తియ్యగా ఉంటాయి. ఆ నీళ్లే కుండలతో ముంచి, మొక్క మొక్కకూ పోసి, తరతరాలుగా వేరుశనగ, కూరగాయలు, నారుమళ్లు పెంచారు. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగి, ఇవి ఉప్పగా ఎందుకు లేవని అడిగాను. "దిబ్బ ఉంది కదా నాయనా" అన్నారు పెద్దవాళ్లు. అప్పుడు అది నన్ను తప్పించుకోవడానికి చెప్పిన మాట అనుకున్నాను. ఇసుక గురించి చదివాక తెలిసింది, అంతకంటే సరైన జవాబు లేదని.

వాన మామూలు నేల మీద పడితే కొంత పారిపోతుంది, కొంత ఆవిరైపోతుంది. ఇసుక దిబ్బ మీద పడితే చాలావరకు అక్కడికక్కడే ఇంకుతుంది. ఇంకిన మంచినీరు కింద ఉన్న ఉప్పునీటితో వెంటనే కలిసిపోదు. లీటరు మంచినీరు కిలో తూగితే, లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగుతుంది. ఆ 25 గ్రాముల తేడా చాలు, మంచినీరు ఉప్పునీటి మీద తేలడానికి. నీళ్లలో మంచుగడ్డ తేలినట్టే ఇక్కడా పైన ఉండేది కొంచెం, మునిగి ఉండేది చాలా. మంచినీటి మట్టం సముద్ర మట్టం కన్నా ఒక మీటరు ఎత్తున ఉంటే, సముద్ర మట్టానికి కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు నిలవగలదు. ఘైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు యూరప్‌ తీరాల్లో విడివిడిగా కట్టిన లెక్క ఇది. మన తీరంలో మధ్యమధ్య బంకమట్టి పొరలు ఉంటాయి, అంచుల్లో ఉప్పు కలుస్తుంది, నీటి మట్టం మీటరు ఎత్తు కూడా లేని చోట్లు ఎక్కువ. అందుకే నిజంలో మంచినీటి పొర చాలా పలచగా ఉంటుంది. కానీ లెక్క తీరు అదే.

ఆ లెక్కను తిరగేసి చూడండి. బోరు దింపి, మోటారు పెట్టి మంచినీటి మట్టాన్ని పది సెంటీమీటర్లు దించితే, కింద ఉప్పునీరు నాలుగు మీటర్లు పైకి రావడానికి దారి దొరుకుతుంది. దొరువు లోతు తక్కువగా ఉండటం పేదరికం వల్ల కాదు, అది తెలివి. పై పొరను మీగడ తీసినట్టు తీసుకోవడమే దొరువు పని. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ పాత పద్ధతినే మెరుగు చేశారు. నేలలో అడ్డంగా చిల్లుల పైపులు పరిచి, నాలుగు వైపుల నుంచి నీరు నెమ్మదిగా ఒక బావిలోకి చేరేలా చేశారు. ఒక్కచోట లోతుగా లాగకుండా, ఎక్కువ మేర నుంచి కొద్దికొద్దిగా తీసుకోవడం. ఊరి రైతుకు తెలిసిన సంగతిని ఇంజనీరింగ్‌గా మార్చిన ఇలాంటి పనులు చూస్తే నాకు నిజంగా సంతోషం.

ఇక దిబ్బనే తవ్వి అమ్మేస్తే? మంచినీటిని ఎత్తున నిలబెట్టే గుట్టే పోతుంది. మూడు మీటర్ల దిబ్బను నేలమట్టం చేసినచోట పోయేది ఇసుక ఒక్కటే అనుకుంటాం. దాని కింద ఉన్న నీళ్ల గాదె కూడా దానితోనే పోతుంది.

దిబ్బ ఎలా పుడుతుందో తెలిస్తేనే దాన్ని ఏం చేయాలో తెలుస్తుంది. ఇసుక రేణువును గాలి ధూళిలా ఎత్తుకుపోదు. రేణువు బరువు. ఎండిన ఇసుక కదలాలంటే గాలి గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. అప్పుడు రేణువు లేచి, కాస్త దూరం గెంతి, కింద పడుతుంది. పడిన దెబ్బకు ఇంకో నాలుగు రేణువులు లేస్తాయి. అవీ గెంతుతాయి. బీచ్‌లో గాలి రోజున నిలబడితే పిక్కలకు సూదుల్లా తగిలేవి ఈ గెంతే రేణువులే. మొహానికి తగలవు, ఎందుకంటే ఇసుక ప్రయాణం చాలావరకు మోకాలి ఎత్తు లోపే జరుగుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇసుకను ఆపడానికి ఆకాశమంత గోడ ఎందుకు అవసరం లేదో తర్వాత అర్థమవుతుంది.

గాలి వేగం రెట్టింపైతే మోసుకుపోయే ఇసుక రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. కాబట్టి ఏడాదిలో దిబ్బను కదిలించేది రోజూ వీచే పిల్లగాలి కాదు, కొద్ది రోజుల పెనుగాలి.

అయితే ఇసుక అంతటా సమానంగా పరుచుకోకుండా కుప్పలుగా ఎందుకు చేరుతుంది? బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన రాల్ఫ్ బాగ్నాల్డ్ ఈజిప్టు, లిబియా ఎడారుల్లో ఏళ్ల తరబడి తిరిగి, తర్వాత గాలి సొరంగంలో ప్రయోగాలు చేసి, 1941లో అచ్చేసిన పుస్తకంలో దీనికి జవాబు చెప్పాడు. గట్టి నేల మీద పడిన రేణువు బంతిలా ఎగురుతుంది. ఇసుక మీద పడిన రేణువు మెత్తగా కూరుకుపోతుంది, దాని ఊపు అక్కడే చచ్చిపోతుంది. అంటే ఎక్కడైనా కొంచెం ఇసుక చేరిందంటే, అదే మరింత ఇసుకను ఆపుతుంది. ధనం ధనాన్ని పిలిచినట్టు ఇసుక ఇసుకను పిలుస్తుంది. కుప్ప పెరిగాక గాలి వచ్చే వైపు వాలు నెమ్మదిగా ఉంటుంది. రేణువులు ఆ వాలు ఎక్కి, శిఖరం దాటి, గాలి తగలని అవతలి వైపు రాలతాయి. అక్కడ వాలు 30 నుంచి 34 డిగ్రీలు దాటితే ఇసుక నిలవదు, జారిపోతుంది. ఇవతల తవ్వి అవతల పోసినట్టు, దిబ్బ మొత్తం గాలి వెంట ముందుకు జరుగుతుంది. చిన్న దిబ్బ త్వరగా, పెద్ద దిబ్బ నెమ్మదిగా నడుస్తుంది.

ఈ నడకను ఆపేవి రెండే. ఒకటి తడి, రెండోది మొక్క. రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో నెలవంక ఆకారం దిబ్బలున్నాయి, వాటి కొమ్ములు గాలి పోయే వైపు చూస్తాయి. ఆ ఎడారిలోనే ఎక్కువగా కనిపించే ఇంకో రకం దిబ్బల చేతులు మాత్రం గాలి వచ్చే వైపు వెనక్కి చాచి ఉంటాయి. ఆ చేతులను పొదలు, గడ్డి పట్టుకుని ఉండగా నడుము మాత్రం ముందుకు జరిగింది, అందుకే ఆ ఆకారం. ఆకాశం నుంచి చూస్తే చాలు, ఏ దిబ్బను మొక్క పట్టుకుందో ఏ దిబ్బను పట్టుకోలేదో చెప్పేయవచ్చు.

మన తీరంలో ఇసుకకు పుట్టిల్లు నదులే. గోదావరి, కృష్ణ, పెన్న, వంశధార కొండల్ని అరగదీసి తెచ్చిన ఇసుకను సముద్రంలో పోస్తాయి. అలలు, ఒడ్డు వెంట నడిచే ప్రవాహం దాన్ని పంచుతాయి. అల దాన్ని ఒడ్డుకు వేస్తుంది, ఎండకు ఆరుతుంది, గాలి వెనక్కి తోస్తుంది. అక్కడ మొదట ఎదురయ్యేది మేక గిట్ట ఆకారం ఆకులు, ఊదా పూలు ఉండే పాకుడు తీగ. దాని పక్కనే రావణుడి మీసం అని పిలిచే ముళ్ల గడ్డి. ఈ రెండింటి గొప్పతనం ఏమిటంటే, ఇసుక మీద పడి కప్పేస్తుంటే చనిపోవు, ఆ ఇసుకలోంచే కొత్త వేళ్లు వేసి పైకి వస్తాయి. ఇసుక పెరిగిన కొద్దీ మొక్క, మొక్క పెరిగిన కొద్దీ ఇసుక. చూడటానికి పిచ్చిమొక్కల్లా ఉంటాయి కాబట్టి, రిసార్టు కట్టేవాళ్లు మొదట పీకించేవి ఇవే.

తుపాను వచ్చినప్పుడు ఈ దిబ్బ ఏం చేస్తుందో చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అది గోడలా నిలబడి అలను ఆపుతుందని అనుకుంటారు. నిజానికి దిబ్బ కరిగిపోతుంది, అది కరగడమే మనకు కావాలి. పెద్ద అలలు దిబ్బ పాదాన్ని కోసి ఇసుకను సముద్రంలోకి లాగుతాయి. ఆ ఇసుక ఒడ్డుకు కొంచెం దూరంలో నీటి కింద తిన్నెలా పరుచుకుంటుంది. తర్వాత వచ్చే అలలు ఆ తిన్నెకు తగిలి, ఒడ్డు చేరకముందే విరిగిపోతాయి. సముద్రం శాంతించాక చిన్న అలలు అదే ఇసుకను నెలల తరబడి మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి. దిబ్బ తిరిగి పెరుగుతుంది. కాంక్రీటు గోడ కడితే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతుంది. గోడకు తగిలిన అల వెనక్కి తిరిగేటప్పుడు గోడ పాదం దగ్గరి ఇసుకను కోసుకుపోతుంది. కొన్నాళ్లకు గోడ ఉంటుంది, బీచ్ ఉండదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. సుమారు ఐదు మీటర్ల ఎత్తున నీళ్లు లేచాయి. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్లు పది వేలు దాటారు. దివిసీమ పల్లపు డెల్టా నేల, అంత నీటికి ఏ దిబ్బ అయినా పూర్తిగా అడ్డుపడుతుందని నేను అనను. కానీ డెల్టా ఊళ్లలో పాత ఇళ్లు ఎక్కడ ఉన్నాయో చూడండి. చాలాచోట్ల అవి మెరక మీద, సముద్రానికి సమాంతరంగా బారుగా సాగిన ఇసుక మెరకల మీద ఉంటాయి. అవి ఒకప్పటి తీరాలు. నదులు కొత్త నేల కలుపుతూ సముద్రాన్ని వెనక్కి నెట్టిన కొద్దీ, పాత ఒడ్డు దిబ్బలు లోపల మిగిలిపోయాయి. కొల్లేరు ఇవాళ సముద్రానికి చాలా కిలోమీటర్ల లోపల ఉంది గానీ, కొన్ని వేల ఏళ్ల కిందట తీరం దానికి దగ్గర్లోనే ఉండేది. ఊరిని ఎక్కడ కట్టాలో పూర్వులకు చెప్పింది ఈ ఇసుక మెరకలే.

ఇప్పుడు ఇసుక రావడమే తగ్గింది. 1967లో నాగార్జునసాగర్, 1980ల్లో శ్రీశైలం వచ్చాక కృష్ణ తెచ్చే ఒండ్రు చాలావరకు జలాశయాల్లోనే ఆగిపోతోంది. ఇసుక అందని డెల్టా అంచును సముద్రం కోస్తుంది. విశాఖలో ఇంకో రకం కథ. అక్కడ ఏడాది మొత్తం మీద ఇసుక నడక దక్షిణం నుంచి ఉత్తరానికి. హార్బర్ కోసం కట్టిన అడ్డుకట్ట దగ్గర అది ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు ఆకలి పుడుతుంది. అందుకే డ్రెడ్జర్‌తో ఇసుక తోడి బీచ్‌కు పోస్తుంటారు. కాకినాడ పక్కన ఉప్పాడ కోతకు గురవుతున్న తీరు అందరికీ తెలిసిందే. ఇలాంటి చోట ఉన్న దిబ్బను కూడా తవ్వేస్తే, జీతం ఆగిపోయిన ఇంట్లో బ్యాంకులో దాచుకున్న డబ్బు కూడా తీసేసినట్టే. తీర నియంత్రణ నిబంధనలు ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన మొదటి వర్గంలో చేర్చాయి. అందం కోసమో, వినోదం కోసమో దిబ్బను చదును చేయడాన్ని, మార్చడాన్ని కూడా 2011 నోటిఫికేషన్ నిషేధించింది. నిబంధన స్పష్టంగానే ఉంది. చాలాచోట్ల పొక్లెయిన్ దానికన్నా ముందు వస్తోంది.

సరుగుడు తోటల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీని మీద మంచివాళ్ల మధ్యే వాదం ఉంది. తీరం అంతా సరుగుడు నాటితే తుపాను గాలి తగ్గుతుంది, రైతుకు కలప డబ్బులు వస్తాయి, ఇసుక ఊళ్లోకి రాదు. అన్నీ నిజమే. కానీ అలలకు మరీ దగ్గరగా, తీగలూ గడ్డీ ఉండాల్సిన ముందు వరసలోనే సరుగుడు నాటితే, దాని కింద రాలిన ఆకుల పరుపు వల్ల వేరే మొక్క మొలవదు. శ్రీకాకుళం నుంచి దక్షిణానికి మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు దిబ్బ ముందున్న ఖాళీ ఇసుక కావాలి. అక్కడ చెట్లు ఉంటే అవి వెనక్కి తిరిగిపోతాయి. నా అభిప్రాయం అడిగితే, ముందు వరస తీగకూ గడ్డికీ వదిలేయాలి. దాని వెనక మొగలి, తాటి, జీడిమామిడి. సరుగుడు ఇంకా వెనక. ఉద్దానం తోటల్లో తిరిగినవాళ్లకు ఇసుక నేల ఎంత పచ్చగా ఉండగలదో తెలుసు.

ఇంతవరకు దిబ్బను కాపాడాలని చెప్పాను. ఇప్పుడు సముద్రం వాసన కూడా సోకని అనంతపురం జిల్లాకు వెళ్దాం. అక్కడ ఇదే దిబ్బను ఆపాలి.

కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున నిలబడితే రాజస్థాన్‌లో ఉన్నామేమో అనిపిస్తుంది. హగరికి వేదవతి అని ఇంకో పేరు. కర్ణాటక కొండల్లో పుట్టి, ఉత్తరానికి పారి తుంగభద్రలో కలుస్తుంది. దాని మీద హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరం, తర్వాత మన వైపు భైరవానితిప్ప ఉన్నాయి. దిగువన నది ఏడాదిలో చాలా కాలం ఎండిన ఇసుక బయలే. ఇక్కడి వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఇప్పుడు దిక్కులు కలిపి చూడండి. నది దక్షిణం నుంచి ఉత్తరానికి, ఆషాఢం గాలి పడమర, నైరుతి నుంచి తూర్పుకు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వాన కోసం ఎదురు చూసే నెలల్లోనే గాలి నది గర్భంలోని పొడి ఇసుకను అడ్డంగా లేపి తూర్పు ఒడ్డు పొలాల మీద పోస్తుంది. విత్తిన చేను మీద ఇసుక పరుచుకుంటే మొలక ఊపిరాడక చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగి మంచి భూములు దిబ్బల కింద మునిగాయి. ఆ రైతు కష్టం తీరం వైపు వాళ్లకు అర్థం కావడం కష్టం. అతనికి దిబ్బ అంటే తుపాను గోడ కాదు, నీళ్ల గాదె కాదు. నడిచి వచ్చి చేను మింగే జంతువు.

దిబ్బను ఆపాలంటే ఇసుక మోకాలి ఎత్తున గెంతుతుందన్న సంగతిని వాడుకోవాలి. జోధ్‌పూర్‌లో 1959 నుంచి ఆ పేరుతో పనిచేస్తున్న కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ థార్‌లో చేసి చూపించిన పద్ధతి ఇదే. ముందు ఎండు కంపను దిబ్బ మీద గళ్లు గళ్లుగా, గాలికి అడ్డంగా పాతుతారు. అది ఇసుక గెంతును అక్కడికక్కడ ఆపుతుంది. గళ్ల మధ్యలో గడ్డి విత్తులు చల్లి, మొక్కలు నాటుతారు. కంప కుళ్లిపోయే లోగా మొక్క వేరు పట్టాలి, అదే అసలు పరీక్ష. పొలం గట్టున గాలికి అడ్డంగా చెట్ల వరస వేస్తే, చెట్టు ఎత్తుకు పది పదిహేను రెట్ల దూరం దాకా గాలి తగ్గుతుంది. ఆ వరస ఇటుక గోడలా చిక్కగా ఉండకూడదు. పూర్తిగా అడ్డగిస్తే గాలి పై నుంచి దూకి అవతల సుడి తిరుగుతుంది. సగం గాలి దూరిపోయేలా ఉండే వరసే బాగా పనిచేస్తుంది. కానుగ, కిత్తనార, సరుగుడు ఇక్కడ పనికొస్తాయి. సరుగుడు తీరంలో ముందు వరసకు తగదని అన్నాను, ఇక్కడ తగుతుందని అంటున్నాను. మొక్క మంచిచెడ్డలు అది నిలబడిన చోటును బట్టే.

నది గర్భంలో కొద్దిపాటి తడి ఉన్నా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, గాలికి లేవవు. ఏట్లో చెలమ తీస్తే నీళ్లు అందే రోజుల్లో పై ఇసుక కూడా అంత తేలికగా లేచేది కాదు. కాబట్టి హగరి ఇసుక సమస్యను చెట్లతో మాత్రమే చూడటం సగం పనే. నదిలో నీళ్లు ఎంత, ఎప్పుడు వదులుతారన్నది కూడా ఇసుక ప్రశ్నే.

ఇక భీమిలి. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలో ఉన్న ఎర్ర మట్టి దిబ్బలను సినిమా పాటల్లో చూసినవాళ్లే ఎక్కువ. పేరులో మట్టి ఉన్నా అది చాలావరకు ఇసుకే. ఇలాంటి ఎర్ర ఇసుక దక్షిణాసియాలో ఇంకో రెండు చోట్ల, తమిళనాడు దక్షిణ తీరంలోని తేరి ఇసుకల్లోనూ శ్రీలంకలోనూ ఉంది. సుమారు 20 వేల ఏళ్ల కిందట, భూమి మీద మంచు యుగం ముదిరిన కాలంలో, చాలా నీరు నేల మీద మంచుగా పేరుకుని సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కింద ఉండేది. ఇవాళ నీటి కింద ఉన్న నేల అప్పుడు బయలు. అక్కడి పొడి ఇసుకను గాలి లోపలికి తోసి కొండల పాదాల దగ్గర పోగు చేసింది. కొన్ని పొరలను వాగులు కూడా తెచ్చి వేశాయి.

ఎరుపు తర్వాత వచ్చింది. తూర్పు కనుమల రాళ్ల నుంచి వచ్చిన ఈ ఇసుకలో గార్నెట్, ఇల్మెనైట్ లాంటి ఇనుము ఉన్న ఖనిజాలు ఉన్నాయి. భీమిలి బీచ్‌లో అల వెనక్కి వెళ్లాక కనిపించే ఎర్రటి, నల్లటి చారలు అవే. దిబ్బలో నిలిచిపోయిన ఇసుకలోకి వేల ఏళ్లు వాన ఇంకుతూ పోయింది. ఆ ఖనిజాలు శిథిలమై, ఇనుము తుప్పుగా మారి ప్రతి రేణువుకూ పూత పట్టింది. ఆ పూతా దానితో పుట్టిన కొద్దిపాటి బంకమట్టీ రేణువులను అతికించాయి. అందుకే అది గాలికి లేవదు. కానీ నీటికి కోసుకుపోతుంది. వానాకాలం వాగులు దాన్ని చీల్చి, నిలువు గోడల లోయలుగా, చెట్టు కొమ్మల్లా చీలిన దారులుగా మలిచాయి. గోడ అంచున నిలబడి ఫొటోలు తీసుకోవడం ఎందుకు ప్రమాదమో, దిబ్బకు ఎందుకు నష్టమో దీన్ని బట్టే తెలుస్తుంది. అక్కడ పై అంచును పట్టి ఉంచేది గడ్డి వేళ్లే.

2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది. ఒకప్పుడు విస్తరించి ఉన్న దిబ్బల్లో ఇప్పుడు రక్షణ ఉన్నది సుమారు 263 ఎకరాలకే. "చదును చేస్తే ఏమైంది, ఇసుక అక్కడే ఉంది కదా" అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు ఒక్క విషయం చెప్పాలి.

దిబ్బ వయసు ఎలా తెలిసిందంటే, ఇసుక రేణువులో గడియారం ఉంది. చుట్టూ ఉన్న మట్టిలోని సహజ రేడియోధార్మికత వల్ల, పూడిపోయిన రేణువులో ఏడాదికి కొంచెం చొప్పున శక్తి పోగవుతుంది. ఎండ తగిలిన కొద్ది నిమిషాల్లో ఆ శక్తి ఖాళీ అయి, గడియారం సున్నాకు వస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు దిబ్బ గోడలోకి గొట్టం దిగగొట్టి, వెలుగు తగలకుండా మూత వేసి తీసుకెళ్లి, ఎర్ర దీపం వెలిగే చీకటి గదిలో తెరుస్తారు. రేణువు విడిచే సన్నటి వెలుగును కొలిచి, అది చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో లెక్క కడతారు. సముద్రం ఎప్పుడు వెనక్కి పోయింది, గాలులు ఎప్పుడు ముదిరాయి, వానలు ఎప్పుడు తిరిగి వచ్చాయి అన్నవి మనకు తెలిసిన దారుల్లో ఇదొకటి.

2024 జూలైలో ఈ దిబ్బల ప్రాంతంలో యంత్రాలు పెట్టి నేల చదును చేశారు. జనం గొడవ చేశాక పని ఆగింది. అక్కడ తిరగబడి ఎండలో పరుచుకున్న ఇసుకను ఎవరైనా ల్యాబ్‌కు తీసుకెళ్లి వయసు అడిగితే, అది 20 వేల ఏళ్లు అని చెప్పదు. 2024 జూలై అని చెబుతుంది.